గోడకు అంటించకండి, గోడ ముందు వేలాడదీయండి

ప్రశ్న: మాది కావలి. సొంత ఇల్లే, కట్టి ఇరవై ఏళ్లు దాటింది. హాలులో 11 అడుగుల పెద్ద గోడకు రెండేళ్ల కిందట పువ్వుల స్టిక్కర్ వాల్‌పేపర్ తెచ్చి మేమే అంటించుకున్నాం. మొదటి వానాకాలానికే కింది అంచులు లేచాయి. ఇప్పుడు దాని వెనక నల్ల మచ్చలు, తెల్లటి ఉప్పు కనిపిస్తున్నాయి. నడుము ఎత్తు దాకా గ్రానైట్ పలకలు అతికిద్దామని మా వారు అంటున్నారు. తక్కువ ఖర్చులో మా చేతులతో చేసుకోగలిగింది ఏదైనా ఉంటే బాగుంటుందని నా కోరిక. మా అత్తగారి పాత వెంకటగిరి నూలు చీరలు నాలుగు ట్రంకు పెట్టెలో ఉన్నాయి. కట్టుకునే స్థితిలో లేవు, పారేయడానికి మనసు ఒప్పదు. పైగా తొమ్మిదేళ్ల మా పాప మిద్దె మీద తన గది గోడలన్నీ గీతలతో నింపేస్తోంది. ఏం చేయమంటారు?
— ఒక గృహిణి, కావలి

సమాధానం: అమ్మా, మీ ఉత్తరం చదువుతుంటే ఒంగోలులో మా పడకగది గోడే కళ్ల ముందు కనిపించింది. నేనూ మీలాగే స్టిక్కర్ కాగితం తెచ్చి, బుడగలు రాకుండా గుడ్డతో ఒత్తి ఒత్తి అంటించుకుని, ఎంతో మురిసిపోయాను. సంక్రాంతి నాటికి గోడ మూల ఒకచోట ఉబ్బింది. గోటితో అంచు పట్టి లాగితే కాగితం తడిసిన అప్పడంలా మెత్తగా ఊడి వచ్చింది. దాని వెనక సన్నని నీటి చెమట, మిరియపు గింజలు చల్లినట్టు నల్లటి బూజు, వేలు పెడితే వరిపిండిలా రాలిపోయే ప్లాస్టరింగు కనిపించాయి. ఆ రోజు కాగితాన్ని, జిగురును, అమ్మిన దుకాణాన్ని కూడా తిట్టుకున్నాను కానీ, తప్పు వాటిలో దేనిదీ కాదు. గోడ తడిగా ఉందని తెలుసుకోకుండా దాని మీద ప్లాస్టిక్ పొర కప్పడమే అసలు పొరపాటు. మీ ఇంట్లో జరిగింది కూడా అదేనని మీరు రాసిన గుర్తులను బట్టి గట్టిగా చెప్పగలను.

నెల్లూరు, ప్రకాశం జిల్లాల తీరంలో ఇళ్లకు ఈ బాధ ఎందుకు ఎక్కువో ముందు చెబుతాను, ఎందుకంటే ఇది తెలిస్తే ఏ అలంకారం నిలుస్తుందో, ఏది నిలవదో మీకే అర్థమవుతుంది. మనకు వానలో పెద్ద వంతు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాల వల్లే కురుస్తుంది. ఆ నెలల్లో ఎండ తక్కువ కాబట్టి తడిసిన గోడ ఆరడానికి వ్యవధి దొరకదు. దానికి తోడు సముద్రం దగ్గరున్న చాలా ఊళ్లలో భూగర్భ జలంలోనే ఉప్పు ఉంటుంది. దీపపు వత్తి నూనెను పీల్చినట్టుగా ఇటుక గోడ పునాదిలోని ఆ ఉప్పునీటిని పైకి పీలుస్తుంది, సాధారణంగా మూడు, మూడున్నర అడుగుల ఎత్తు దాకా. నీరు గోడ పైముఖానికి వచ్చి ఆవిరైపోతుంది కానీ ఉప్పు అక్కడే మిగిలిపోయి, స్ఫటికాలుగా గట్టిపడి, ప్లాస్టరింగును లోపలి నుంచి తోసి పెచ్చులుగా ఊడగొడుతుంది. మీరు చూసిన తెల్లటి పొడి అదే.

కాబట్టి ఏ పనికైనా ముందు ఒక చిన్న పరీక్ష చేయండి. వాల్‌పేపర్ పూర్తిగా తీసేసి, గోడను పది రోజులు ఫ్యాను గాలికి ఆరనిచ్చి, అడుగున్నర చదరపు పాలిథిన్ ముక్కను నాలుగు వైపులా గాలి చొరకుండా టేపుతో గోడకు బిగించి, రెండు రోజుల తరువాత చూడండి. ముక్కకు గోడ వైపు నీటి చుక్కలు పడితే చెమ్మ గోడలో నుంచి వస్తోందని, మన వైపు పడితే గది గాలిలోనే తేమ ఎక్కువగా ఉందని అర్థం. ఇలాంటి ముక్కలు గోడకు కింద ఒకటి, నడుము ఎత్తున ఒకటి, పైన ఒకటి పెడితే చెమ్మ ఎంత ఎత్తు దాకా ఎక్కిందో కూడా తేలుతుంది. గోడకు అవతల స్నానాల గది ఉందేమో, పైపు కారుతోందేమో, బయట పూలమొక్కల కోసం పోసిన మట్టి గచ్చు కంటే ఎత్తుగా పేరుకుందేమో కూడా చూడండి. ఈ మూడింటిలో ఏది ఉన్నా ముందు దాన్ని సరిచేయాలి, అది సరికాకుండా లోపల ఎంత అందంగా కప్పినా శ్రమ వృథా అవుతుంది.

ఇక గ్రానైట్ సంగతి. చీమకుర్తి రాయి మా ప్రకాశం జిల్లాకు పేరు తెచ్చిన రాయి, నలుపులో మెరిసే ఆ చుక్కల అందాన్ని నేనేమీ తక్కువ చేయను. అయితే నీరు చొరని పలకను నడుము ఎత్తు దాకా అతికిస్తే అక్కడ ఆవిరి కావలసిన చెమ్మ దారి లేక పలకల పై అంచు దాటి ఇంకా పైకి ఎక్కుతుంది. ఇప్పుడు మూడు అడుగుల దగ్గర ఉన్న మచ్చ అప్పుడు అయిదు అడుగుల దగ్గర, కుర్చీలో కూర్చున్నవారి కళ్లకు ఎదురుగా కనిపిస్తుంది. ప్లాస్టిక్ ప్యానెళ్లను గోడకు ఆనించి బిగించినా ఇదే జరుగుతుంది. మీ వారికి ఈ కారణం చెప్పి చూడండి, కాదనరనే అనుకుంటున్నాను.

మీ గోడకు నా సలహా రెండు భాగాలుగా ఉంటుంది: గోడకు పూసేది సున్నం, గోడ ముందు వేలాడేది చీర. రెండూ గోడకు గాలి ఆడనిస్తాయి.

ముందుగా సున్నం. కొత్త రంగులు వచ్చాక సున్నమంటే పశువుల కొట్టానికి వేసేదన్న చులకన ఏర్పడింది, అది నాకు నిజంగా బాధ కలిగిస్తుంది. సున్నపు పూత తడిని లోపల బంధించదు, క్షార గుణం వల్ల బూజును తొందరగా పట్టనివ్వదు. పాడైతే మళ్లీ ఒక పూత వేసుకుంటే చాలు. అయితే ఎమల్షన్ రంగు మీద ఇది పట్టదు కాబట్టి పాత రంగునంతా గీకి ప్లాస్టరింగు దాకా రావాలి. పైకి తేలిన ఉప్పును నీళ్లతో కడగకండి, కరిగి మళ్లీ లోపలికే పోతుంది. పొడి బ్రష్షుతో రుద్ది, రాలినదాన్ని చేటలోకి ఎత్తి బయట పారేయండి. ప్లాస్టరింగు పెచ్చులూడిన చోట సిమెంటుతో కాకుండా ఒక పాలు సున్నం, మూడు పాళ్లు జల్లించిన పెన్న ఇసుక కలిపి మెత్తించండి. పొరపాటున కూడా సముద్రపు ఇసుక వాడవద్దు.

పులికాట్ వైపు గుల్లలు కాల్చి చేసే గుల్లసున్నం దొరికితే అదే తెచ్చుకోండి. కాల్చిన సున్నపురాయిని ఇంట్లో నీళ్లు పోసి ఉడికించే పని మాత్రం పెట్టుకోకండి, ఆ వేడికి చిమ్మే చుక్క కంట్లో పడితే చూపుకే ప్రమాదం. విరిసిన సున్నం కొని, రెండు రోజులు నానబెట్టి, పలుచని గుడ్డలో వడకట్టి, పాలంత పలుచగా కలపండి. అప్పుడు కూడా కళ్లద్దాలు, చేతులకు రబ్బరు తొడుగులు తప్పనిసరి. బకెట్టుకు ఒక గ్లాసు చొప్పున చిక్కటి గంజి వడకట్టి కలిపితే పూత చేతికి తక్కువగా అంటుతుంది. గోడ మీద ముందు నీళ్లు చిలకరించి, పలుచగా ఒక పూత వేసి, ఒక రోజు ఆగి రెండోది, మరో రోజు ఆగి మూడోది వేయండి. వేసినప్పుడు నీళ్లు పూసినట్టే ఉండి ఏమీ కనిపించదు, ఇది పనికిరాలేదని చాలామంది అక్కడే ఆపేస్తారు. తెల్లవారి చూస్తే గోడ వెన్నెల పడ్డట్టు తెల్లబడి ఉంటుంది. చిక్కగా ఒకే పూత వేస్తే మాత్రం ఆరాక పొరలుగా రాలుతుంది.

రంగు కావాలంటే సున్నం తట్టుకునేవి మన్ను రంగులే: జేగురు, పసుపుపచ్చని మన్ను. తెలుపు మెరవడానికి చిటికెడు నీలిమందు వేసుకోవచ్చు. రంగు పొడి సున్నంలో పదో వంతు మించకూడదు. ఇంట్లో ఉంది కదా అని వంటింటి పసుపు కలపకండి. పసుపూ సున్నమూ కలిస్తే పారాణి ఎరుపు వస్తుందని మన ఆడపిల్లలందరికీ తెలిసినదే, ఆ ఎరుపు గోడ మీద వెలుతురుకు నెలల్లోనే వెలిసిపోతుంది. ఆఖరి పూతలో కాస్త అభ్రకం పొడి కలిపితే సాయంత్రం దీపపు వెలుగులో గోడ అక్కడక్కడ తళుక్కుమంటుంది. గూడూరు, సైదాపురం వైపు అభ్రకం గనులున్న నేల మనది, ఆ మెరుపు మన గోడల మీద కనబడడం ఎంతో సహజంగా ఉంటుంది. పొడి కలిపేటప్పుడు ముక్కుకు గుడ్డ కట్టుకోవాలి.

గోడ అడుగున మూడున్నర అడుగుల ఎత్తు దాకా జేగురు కలిపిన సున్నం, ఆ పైన తెల్ల సున్నం వేయండి. చెమ్మ మరకలు కనిపించేది ఆ కింది భాగంలోనే కనుక ఎర్రమన్ను రంగులో అవి అంతగా తెలియవు. మన పల్లెల్లో అరుగులకు, గోడల అడుగుకు ఎర్ర పట్టీ వేసే అలవాటు వెనక ఉన్న తెలివి ఇదేనేమో. రెండు రంగులు కలిసే చోట ఒక చుక్కల ముగ్గు బద్దీ వేసుకోవచ్చు. పాత ఎక్స్‌రే ఫిల్మును వేడినీళ్లలో నానబెట్టి రుద్దితే నలుపు పోయి అద్దంలా తేటపడుతుంది. దాని మీద మీకు చేయి తిరిగిన ముగ్గు ఒకటి గీసి, పదునైన బ్లేడుతో చెక్కేసి, గోడకు ఆనించి, స్పాంజి ముక్కను చిక్కటి సున్నంలో ముంచి, బాగా పిండి, అద్దుతూ పోండి. స్పాంజిలో తడి ఎక్కువైతే ఫిల్ము కిందికి కారి ముగ్గు అలుక్కుపోతుంది. మొదటి రెండు మూడు ఏదైనా అట్ట మీద వేసి చూసుకుని గోడ దగ్గరికి వెళ్లడం మంచిది.

ఇప్పుడు మీ అత్తగారి చీరలు. వెలుగోటి సంస్థానాధీశుల ఆదరణలో పేరు తెచ్చుకున్న వెంకటగిరి నేత, సన్నని నూలుతో, చేతిలోకి తీసుకుంటే బరువే తెలియని చీర. దాన్ని జిగురుతో గోడకు అంటించమని ఎవరైనా చెబితే దయచేసి వినకండి. కత్తిరించవలసిన అవసరం కూడా లేదు. లెక్క చూడండి: చీర పొడవు అయిదున్నర మీటర్లు, అంటే సుమారు 18 అడుగులు, పన్నా నాలుగు అడుగులకు కొంచెం తక్కువ. ఆ 18 అడుగులను మూడు మడతలు చేస్తే ఒక్కో మడత ఆరు అడుగులు. తొమ్మిదిన్నర అడుగుల ఎత్తున కర్ర అమర్చి అక్కడి నుంచి ఆరు అడుగులు వేలాడదీస్తే చీర అంచు సరిగ్గా మూడున్నర అడుగుల దగ్గర, మీ జేగురు పట్టీ మొదలయ్యే చోట ఆగుతుంది, చెమ్మ ఎక్కే భాగాన్ని తాకనే తాకదు. మూడు చీరలు పక్కపక్కన వేస్తే 11 అడుగుల గోడ నిండిపోతుంది. నాలుగోది ట్రంకులోనే ఉంచి ఏడాదికోసారి మార్చుకోవచ్చు. ఏ చీర ఎటు పక్క రావాలో మీ అత్తగారినే అడగండి, ఏది ఎప్పటిదో చెప్పగలిగేది ఆవిడే.

చీరలను ముందు కుంకుడుకాయ రసంలో నానబెట్టి, పిండకుండా, నీడలో ఆరేయండి. చిరుగులున్న చోట వెనక నుంచి పాత నూలు గుడ్డ ముక్క పెట్టి సన్నగా కుట్టండి. పలుచని గంజి పెట్టి, జరీ మీద వేరే గుడ్డ పరిచి ఇస్త్రీ చేయండి. కర్రకు మన తీరంలో కొదవలేని సరుగుడు చాలు, బొటనవేలంత లావున్నది బెరడు తీసి, నున్నగా రుద్ది, ఒక పూత వార్నిష్ వేస్తే మరక అంటదు. వేలాడదీసే వరుస ఇది: పైట కొంగు గది వైపు కిందికి ఆరు అడుగులు వచ్చేలా చీరను కర్ర మీద వేయండి. వెనక వైపు మిగిలిన పన్నెండు అడుగుల్లో ఆరు కిందికి దిగాక, అక్కడ ఒక సన్న వెదురు పుల్ల మడతలో పెట్టి, మిగతా ఆరు అడుగులు తిరిగి పైకి తెచ్చి, చివరను కర్ర చుట్టూ వదులు కుట్లతో పట్టివేయండి. ఆ వెదురు పుల్ల బరువుకు వెనక మడతలు సాఫీగా నిలుస్తాయి, ఫ్యాను వేసినా ఎగిరిపడవు. మూడు పొరలు కావడం వల్ల అంత పలుచని నేత వెనక నుంచి కూడా గోడ కనిపించదు. ఉదయపు వెలుగు పక్క నుంచి పడినప్పుడు మాత్రం పొరల మధ్య బుటాల నీడ ఒకదాని మీద ఒకటి కదులుతుంది, నేను ఇంట్లో గంటల తరబడి చూసే దృశ్యం అది.

కర్రను మోసే కొక్కేలు నాలుగు అడుగులకొకటి ఉండాలి. గోడకూ కొక్కేనికీ మధ్య రెండు అంగుళాల చెక్క దిమ్మ పెట్టి బిగిస్తే చీర వెనక గాలి ధారాళంగా ఆడుతుంది, ఈ ఏర్పాటంతటికీ ప్రాణం ఆ రెండు అంగుళాల ఖాళీయే. రంధ్రాలు చేసేటప్పుడు స్విచ్చుబోర్డుకు నేరుగా పైన చేయకండి, కరెంటు తీగలు సాధారణంగా ఆ దారినే వెళ్తాయి. దీపం పెట్టే చోటుకు, వంటగది గడపకు దగ్గరగా చీర వేలాడకూడదు. పడమటి కిటికీ ఎండ నేరుగా పడితే రంగు పోతుంది.

బల్లుల మాట మీరు రాయలేదు కానీ ఇంట్లో ఎవరో ఒకరు అడుగుతారు. గుడ్డ వెనకకు బల్లులు చేరడం నిజమే. పదిహేను రోజులకోసారి కర్రతో సహా కొక్కేల మీది నుంచి ఎత్తి, పెరట్లో దులిపి, మళ్లీ తగిలించడానికి పావుగంట పడుతుంది. అక్టోబరులో వానలు మొదలయ్యే ముందు చీరలు తీసేసి, బాగా ఎండిన వేపాకుతో ట్రంకులో పెట్టి, మళ్లీ సంక్రాంతికి బయటికి తీయండి. ఉప్పు గాలిలో, వాన తేమలో జరీ నల్లబడుతుంది కనుక ఈ మూడు నెలల విశ్రాంతి వాటికి అవసరం. ఆ మూడు నెలలూ సున్నపు గోడ, ముగ్గు బద్దీ చాలు. బోసిగా అనిపిస్తే మధ్యలో ఒక తుంగచాప అదే కొక్కేలకు వేలాడదీయండి, తడిసినా ఎండలో వేస్తే ఆరిపోతుంది.

హాలులో మిగిలిన చిన్న గోడకు ఒక పని చెబుతాను. పూర్వం మన ఇళ్లలో పాత కాగితాలు, మెంతులు నానబెట్టి రుబ్బి, ఆ గుజ్జును బుట్టలకు, చేటలకు మెత్తేవారు. మెంతులు జిగురుకు జిగురు, చేదుకు పురుగు కూడా పట్టదు. మీరు అదే గుజ్జును పళ్లెం వెనక నూనె రాసి అరంగుళం మందాన పరిచి, పూర్తిగా ఎండేదాకా ఎండబెట్టి, ఊడదీయండి. తేలికైన గోడ పళ్లెం సిద్ధమవుతుంది, చిన్న మేకు చాలు మోయడానికి. జేగురుతో పూసి తెల్ల ముగ్గు వేస్తే పెద్ద గోడకు జతగా ఉంటుంది. ఉదయగిరి చెక్క గరిటెలు నాలుగైదు మీ ఇంట్లో ఉంటే భోజనాల బల్ల దగ్గర వాటిని వరుసగా తగిలించుకోవచ్చు.

పాప గదికి వస్తాను. పిల్ల గోడ మీద గీస్తోందంటే దానికి గోడంత చోటు కావాలని అర్థం, కోప్పడకండి. అటక మీద పాత రాతిపలకలు ఉంటే దించండి, లేకపోతే మార్కాపురం వెళ్లేవారెవరితోనైనా చెక్క చట్రం ఉన్న అసలు రాతిపలకలు ఒక డజను తెప్పించండి. దేశదేశాల బడిపిల్లలు రాసుకున్న పలకలు ఎన్నో ఆ కొండల్లోవే. పాప భుజం ఎత్తున గోడకు రెండు చెక్క బద్దలు గట్టిగా బిగించి, ఒక్కో బద్దకు ఆరేసి పలకలను చట్రానికి రంధ్రం చేసి, లావుపాటి నూలు తాడుతో వేలాడదీయండి. రాయి బరువు కనుక ఒక్కో పలకకు రెండు మేకులు ఉండాలి. ఒక పలక మీద ఈ వారం ఎక్కాలు, ఇంకో దాని మీద నెమలి, మరో దాని మీద నాన్నకు చెప్పాల్సిన మాట, అన్నీ తడిగుడ్డతో తుడిచేయవచ్చు. పలకలు తన సొంతమని, గోడ ఇంటిదని ఒకసారి చెబితే వింటుంది.

మిద్దె మీది గోడ పరీక్షలో పొడిగా తేలితే అక్కడ మాత్రం అంటించే పనికి నేను ఒప్పుకుంటాను. ఒక కప్పు మైదాను అయిదు కప్పుల నీళ్లలో ఉండలు లేకుండా కలిపి, గరిటెజారుగా ఉడికించి, చల్లార్చి, పలుచని నూలు గుడ్డను ఆ జిగురుతో గోడకు పరిచి, మధ్య నుంచి అంచులకు అరచేత్తో ఒత్తుకుంటూ పోవాలి. వద్దనుకున్నప్పుడు తడిగుడ్డతో తడిపితే గోడ రంగు పాడవకుండా సాధారణంగా ఊడి వస్తుంది, అయినా ముందు బీరువా వెనక ఒక మూలలో అంటించి, ఊడదీసి చూసుకోండి. పురుగు పట్టకుండా ఈ జిగురులో మైలతుత్తం కలిపే అలవాటు ఉంది, అది విషం కనుక పిల్లలున్న గదిలో వద్దే వద్దు. బదులుగా ఆరు నెలలకోసారి అంచులు చూసుకోండి, చెదలు గాని, పురుగు గాని కనిపిస్తే వెంటనే తీసేయండి.

వాల్‌పేపర్ ఈ వారమే తీసేసి, గోడ పది రోజులు ఆరాక పాలిథిన్ ముక్కల పరీక్ష పెట్టి, చుక్కలు ఏ వైపు పడ్డాయో, ఎంత ఎత్తు దాకా పడ్డాయో, ఆ గోడకు అవతల ఏముందో నాకు మళ్లీ రాయండి. నాలుగు అడుగులు దాటి కూడా గోడ వైపే చుక్కలు కనిపిస్తే సున్నం కొనకండి, ముందు పునాది దగ్గర ఏం చేయాలో చెబుతాను.